కాటమరాజు దిబ్బ

గుండ్లకమ్మ పొంగి మా ఊరి చప్టాను ఎత్తుకుపోయిన ఏడు ఇది జరిగింది. సంవత్సరం సంఖ్య అడిగితే చెప్పలేను. అంతకు ముందు వరదకు చప్టా మునిగింది కానీ పోలేదు. ఆ తర్వాతి వరద నాటికి వంతెన కట్టారు. కాబట్టి చప్టా పోయిన ఏడు అంటే మా పక్క ఎవరికైనా తెలుస్తుంది. మార్కాపురం మీదుగా ఇంకా చిన్న రైలే నడుస్తున్న కాలం. మమ్మల్ని కర్నూలు నుంచి తీసి ప్రకాశంలో కలిపి ఇరవై ఏళ్ళు దాటినా, మా ఊళ్ళో పెద్దవాళ్ళు దాన్ని కొత్త జిల్లా అనే అనేవాళ్ళు. మాకు ఏదైనా ఆలస్యంగానే అలవాటవుతుంది.

నేను రాధాకృష్ణమూర్తి శెట్టిగారి పలకల కార్ఖానాలో రాయి ఏరేవాణ్ణి. బడి పిల్లలు రాసుకునే పలకలే. మాది గొర్రెలు కాసిన ఇల్లు. మూడో తరగతిలో ఉండగా నా పలక పగిలింది. కొత్తది కొనిపెట్టమంటే మా నాయన గొర్రెల వెంట తోలాడు. ఆ పగిలిన పలక మీద కోపమేమో, ఆ తర్వాత ముప్పై ఏళ్ళు పలకలే చేశాను.

నా పనికి నోటితో అవసరం లేదు. షెడ్డు ముందర ముక్కాలి పీట మీద కూర్చుంటాను. క్వారీ నుంచి వచ్చిన ప్రతి రాయినీ నా ముందు పెడతారు. చిన్న సుత్తితో తడతాను. ఖంగుమంటే కుడిచెయ్యి చూపిస్తాను. ఆ రాయి లోపలికి పోతుంది. అక్కడ ఉలి పెట్టి పొరలుగా చీలుస్తారు, కోస్తారు, ఆడవాళ్ళు నీళ్ళు పోసి అద్దంలా రుద్దుతారు, చట్రం బిగిస్తారు. ఖంగుమనకపోతే ఎడమచెయ్యి. బయట పడేస్తారు. ఇక రంగు రాయి వస్తే సుత్తి కూడా ఎత్తను, చూడగానే ఎడమచెయ్యే. బలపం గీత కనపడాలంటే రాయి నల్లగా ఉండాలి. తుప్పు రంగు రాయి మీద, ఆకుపచ్చ రాయి మీద గీసిన గీత ఎవరికి కనపడుతుంది?

అలా నా ఎడమచెయ్యి చూపిన రాళ్ళన్నీ పోగుపడి, షెడ్డు వెనక ఒక గుట్ట అయింది. దానికి కాటమరాజు దిబ్బ అని పేరు పెట్టినవాడు ఇస్సాకు. క్వారీలో రాయి తీసే ముఠాకు అతనే పెద్ద, ట్రాక్టరూ అతనే తోలతాడు. కొందరి పేరు మీద బడి ఉంటుంది, కొందరి పేరు మీద బావి ఉంటుంది. నా పేరు మీద చెత్త ఉంది.

మాట తక్కువ మనిషిని కనుక నా మాటకు విలువ ఎక్కువ ఇచ్చేవాళ్ళు. అదే కొంప ముంచింది. కోత మిషను కొనాలా వద్దా అని శెట్టిగారు అడిగినప్పుడు, “రాయి గుండె పగులుద్ది” అన్నాను. ఆయన కొనలేదు. పక్క కార్ఖానావాళ్ళు కొన్నారు. రాయి గుండెకేమీ కాలేదు, ఒకరోజులో మా వారం పని చేసింది. మూడేళ్ళ తర్వాత మేమూ కొన్నాం. కొయ్య చట్రం పోయి రేకు చట్రం వచ్చినప్పుడు, “పిల్లోళ్ళ చేతులు కోసుకుంటాయి” అన్నాను. పిల్లలు నా మాట వినలేదు, బాగానే ఉన్నారు. ప్లాస్టిక్ పలక వచ్చినప్పుడు శెట్టిగారు ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు. బరువు లేదు, కింద పడేస్తే పగల్లేదు. అటూ ఇటూ తిప్పి చూసి, “ఎండకి కరిగిపోద్ది” అన్నాను. దానిని పెద్ద మాటగా తీసుకుని ఆయన ఆ ఏడు లారీడు పలకలు ఎక్కువ చేయించారు. అవి షెడ్డులోనే ఉండిపోయాయి. మా ఎండలకు మేమే కరిగాం కానీ ప్లాస్టిక్ కరగలేదు.

చివరికి బడుల్లో ఒకటో తరగతికే నోటు పుస్తకాలు ఇచ్చే రోజులు వచ్చాయి. మూడు షెడ్లు రెండయ్యాయి, రెండు ఒకటయింది. వరదకు ముందు వేసవిలో శెట్టిగారు అడిగారు: “కాటమరాజూ, ఈ దిబ్బను ఏం చేద్దాం? రోడ్డు కంట్రాక్టరు గుంతలు పూడ్చను రాళ్ళు అడుగుతున్నాడు.”

“తోలేయండి” అన్నాను.

నలభై రోజులు టిప్పర్లు తిరిగాయి. బేస్తవారిపేట పోయే దారిలో ఇప్పటికీ బస్సు కుదుపు లేకుండా పోతుందంటే కొంత నా చలవే.

టిప్పర్లు ఆగిన నెలకు మద్రాసు నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడ కృపాకర్ అని ఒక ఏజెంటు ఉన్నాడు. రాళ్ళు ఓడలో పంపుతాడు. పై దేశాల్లో ఇళ్ళకు, స్నానాల గదులకు పరచడానికి మార్కాపురం రాయి అడుగుతున్నారనీ, నల్లది కాదు, రంగు రాయే కావాలనీ, ఒక దొరసాని స్వయంగా చూడటానికి వస్తున్నదనీ రాశాడు. శెట్టిగారు ఆ ఉత్తరం మాకు చదివి వినిపించారు. వినిపించి మడతపెట్టి, “ఈ ఆర్డరు రాకపోతే దసరాకు తాళం వేసేస్తా. ముందే చెప్తున్నా, తర్వాత నన్ను అనొద్దు” అన్నారు. అప్పటికి అరవై మందిమి మిగిలి ఉన్నాం, అందులో నలభై మంది ఆడవాళ్ళు.

ఇస్సాకు నా పక్కకు తిరిగి, “మామా, నీ దిబ్బ యాడుందో దొరసానికి చూపిద్దామా? బస్సెక్కించుకోని పోదాం” అన్నాడు.

ఇస్సాకు క్వారీలోకి దిగి రంగు రాళ్ళు పన్నెండు తీశాడు. ఒక్కొక్కటీ రెండడుగుల బండ. వాటిని షెడ్డులో పెట్టిన మూడో రోజు వాన పట్టింది. నాలుగు రోజులు విడవలేదు. చప్టా పోయింది. క్వారీ గుంత నిండి చెరువైంది. నీళ్ళు తోడే ఆయిల్ ఇంజను కూడా మునిగి, దాన్ని గిద్దలూరు రిపేరుకు పంపాల్సి వచ్చింది. ఇక మా చేతిలో ఉన్న రంగు రాయి ఆ పన్నెండే.

దొరసానిని తీసుకురావడానికి మద్రాసు పోతూ శెట్టిగారు నాకు ఒకే మాట చెప్పారు. “ఆ రాళ్ళు కడిగి పెట్టు. అంతే.”

కడిగాను. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు.

కడిగి ఆరబెట్టాక వాటిని చూస్తే నాకు సిగ్గేసింది. ఒంటినిండా మెట్లు, గుంటలు, పెచ్చులు. పై దేశం నుంచి మనిషి వస్తుంటే ఇలాంటి రాయి ముందు పెడితే మార్కాపురంలో పని తెలిసినవాడు లేడనుకోదా? ముప్పై ఏళ్ళలో నా షెడ్డు నుంచి గరుకు రాయి గడప దాటలేదు. మొదట ఒక అంచు కొంచెం రుద్దాను. అంచు బాగుంటే మధ్యలో బాగాలేదు. మధ్య రుద్దితే రెండో రాయి దీని పక్కన బాగాలేదు. రుద్దే ఆడవాళ్ళలో పెద్దామె సుశీలమ్మ వచ్చి, “అన్నా, శెట్టిగారు కడగమన్నాడంట కద?” అంది. చేత్తో పొమ్మన్నాను. మూడు రోజుల్లో పన్నెండు రాళ్ళూ అద్దాలయ్యాయి. రుద్దేసరికి పైనున్న తుప్పు రంగు, ఆకుపచ్చ రంగు పొడిగా రాలి నీళ్ళలో పోయాయి. లోపల బూడిద రంగు తేలింది. అది కొంచెం వెలవెలబోయినట్టు కనిపిస్తే, ఇంటినుంచి ఆముదం తెచ్చి పట్టించాను. నల్లగా నిగనిగలాడాయి. పలకలైతే లారీ వెంటనే లోడు చేసేవాళ్ళం.

నాలుగో రోజు పొద్దున పది గంటలకు శెట్టిగారు దిగారు. దొరసానినీ కృపాకర్‌నూ మార్కాపురం లాడ్జిలో దించి, భోజనాలయ్యాక మూడు గంటలకు తీసుకొస్తానని చెప్పి, ఒకసారి చూసుకుందామని ముందుగా వచ్చారు. షెడ్డులోకి వచ్చి రాళ్ళ ముందు నిలబడ్డారు. చాలాసేపు ఏమీ అనలేదు. ఆ పని మామూలుగా నాది.

“కాటమరాజూ, రంగు రాళ్ళు యాడ?”

“ఇయే.”

“నేనేం చెప్పినాను?”

“కడగమన్నారు.”

“నువ్వేం చేసినావు?”

“కడిగినాను.”

“కడిగినాక?”

“కొంచెం రుద్దినాను.”

ఇస్సాకు వంగి ఒక రాయిలోకి తొంగి చూశాడు. “మొగం చూసుకోవచ్చు శెట్టిగారూ. రాండి, మన అరవైమంది మొగాలు ఎట్లున్నాయో చూసుకుందాం” అని నవ్వబోయి, ఆయన వాలకం చూసి ఆగిపోయాడు. శెట్టిగారు నా ముక్కాలి పీట మీద కూలబడ్డారు. ఆయన దాని మీద కూర్చోవడం ఎన్నడూ చూడలేదు.

“గరుకుగా ఉంటేనే ఆమెకు కావాలంట. రాయి చీలినప్పుడు ఎట్లుంటదో అట్లనే. ఆ సంగతి నీకు చెప్పలే. చెప్పాల్సొస్తదని ఎవరనుకుంటారు?” అని తల పట్టుకున్నారు.

క్వారీలో నీళ్ళు. దిబ్బ రోడ్డు కింద. అయిదు గంటల టైము. అప్పుడు ఇస్సాకు మెల్లగా నా వైపు తిరిగాడు.

“మామా, అత్త నీళ్ళు పోసుకునే కాడ పరిచింది ఏ రాయి?”

ఆ మాట నాకు ముందే తట్టింది. నోరు తెరవలేకపోయాను, అంతే.

నా భార్య శ్రీశైలమ్మ పాతికేళ్ళు నాకు మధ్యాహ్నం సద్ది తెచ్చేది. మొదటి రోజుల్లో తిరిగి పోతూ పోతూ దిబ్బ మీద ఏరి, నచ్చిన రాయి దొరికితే నెత్తిన పెట్టుకుని పోయేది. పెరట్లో నీళ్ళ తొట్టి చుట్టూ ఇసుక పోసి అవన్నీ పరిచింది. ఒకటి పావురాయి మెడ రంగు, ఒకటి తడి తంగేడాకు రంగు, ఒకటి కాగిన రాగి రంగు. “చెత్త ఇంటికి మోస్తావేంది?” అని ఒకసారి అన్నాను. “నీ కంటికి నలుపు తప్ప కనపడదు” అంది. ఆ తర్వాత నేను ఆ రాళ్ళ మీద నిలబడి పాతికేళ్ళు స్నానం చేశాను కానీ కిందికి చూడలేదు.

ట్రాక్టరు మా గుమ్మం ముందు ఆగేసరికి ఆమె మేకపిల్లకు ఆకు వేస్తోంది. శెట్టిగారిని చూసి కొంగు సర్దుకుంది. నా చేతిలో గడ్డపార చూసి కళ్ళు చిన్నవి చేసింది.

“ఏంది అందరూ కట్టగట్టుకోని వచ్చినారు?”

శెట్టిగారు చెప్పబోతే ఇస్సాకు ఆయన చెయ్యి పట్టి ఆపాడు. “మామ చెప్తాడు అత్తా.”

“ఆయన చెప్పడమా? సూర్యుడు ఎటు పొడిచినాడు ఈపొద్దు?” అంటూ నా ముందుకు వచ్చి నిలబడింది. “ఏం కావాల?”

“రాళ్ళు.”

“ఏ రాళ్ళు?”

గడ్డపారతో పెరడు చూపించాను.

“ఆడ రాళ్ళు యాడున్నయ్? చెత్త ఉంది.”

సుశీలమ్మ కూడా ట్రాక్టరెక్కి వచ్చింది. ఆమె మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది. శెట్టిగారు గోడ వైపు చూస్తున్నారు.

“మంచి రాళ్ళే” అన్నాను.

“వినపడలే.”

“మంచి రాళ్ళే అంటున్నా కద!”

అరిచినట్టయింది. మేకపిల్ల బెదిరి అటు పోయింది. శ్రీశైలమ్మ నవ్వలేదు. తొట్టి దగ్గరికి పోయి, చెంబుతో నీళ్ళు పోసి, ఆ రాళ్ళమీద నిలబడింది.

“ఇవి పీక్కోని పోతే నేను యాడ నిలబడాల? నీ నల్లరాయి పరుస్తావు. నీళ్ళు పడితే దాని మీద ఈగ కూడా జారి పడుద్ది. అందుకే కద, కాలు పట్టే రాయి ఏరి ఏరి తెచ్చుకున్న.”

“మళ్ళీ ఇట్లాంటివే పరుస్తా.”

“నువ్వు ఏరుతావా?” అంది. నేను గడ్డపార ఒక రాయి అంచు కింద దూర్చాను. ఆమె పక్కకు దిగి, తనే చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుంది. “గడ్డపార అట్ల పెడితే అంచు పగులుద్ది. ఇటు నుంచి ఎత్తు. నేను గూడ వస్తా. నీ చేతికిచ్చి పంపిస్తే దోవలో రుద్దుతావు.”

పద్నాలుగు రాళ్ళు ఎత్తాం. ట్రాక్టరులో గడ్డి వేసి నిలబెట్టాం. ఆమె వాటి పక్కనే కూర్చుంది.

మూడు గంటలకు చుట్టుదారిన కారు వచ్చింది. దొరసాని నా వయసే ఉంటుంది. ఎండకు ముక్కు ఎర్రబడి ఉంది. కృపాకర్ గొడుగు పట్టుకుని వెనకే నడిచాడు. షెడ్డు వాకిట్లో నా పన్నెండు అద్దాలు ఒక వరస, శ్రీశైలమ్మ పద్నాలుగు రాళ్ళు ఒక వరస. నా రాళ్ళను లోపల దాచేద్దామని ఇస్సాకు అన్నాడు. శెట్టిగారే ఉండనిమ్మన్నారు. పని చేతనవునని తెలియాలి కదా అని ఆయన ఉద్దేశం. నాకు లోపల కొంచెం సంతోషమే అయింది, ఎందుకు అబద్ధం చెప్పాలి.

దొరసాని ముందు నా వరస దగ్గరే ఆగింది. వంగి చేత్తో తడిమింది. తల ఊపింది. బకెట్టు తెమ్మని, రాయి మీద నీళ్ళు పోసి, చెప్పులు విడిచి కాలు పెట్టింది. ఆముదం, నీళ్ళు, నా మూడు రోజుల పనితనం మూడూ కలిసి ఆమెను ఒక్క లాగు లాగాయి. సుశీలమ్మ, ఇస్సాకు చెరో రెక్కా పట్టుకోకపోతే దసరా దాకా ఆగే పని లేదు, తాళం ఆ సాయంత్రమే పడేది.

ఆమె తేరుకుని, గట్టిగా నవ్వి, రెండో వరసకు పోయింది. మళ్ళీ నీళ్ళు పోసింది. తడిసేసరికి పావురాయి మెడ రంగు, తంగేడాకు రంగు లేచి వచ్చాయి. కాలు పెట్టింది. రెండో కాలు పెట్టింది. అటూ ఇటూ తొక్కి చూసి, అలాగే నిలబడి కృపాకర్‌తో చాలా మాటలు చెప్పింది.

“ఈ రకమే కావాలంటున్నారు” అన్నాడు కృపాకర్. “మొదట ఒక కంటెయినరు. బాగుంటే నెలకొకటి. ఒక షరతు పెడుతున్నారు. ఏ రెండు రాళ్ళూ ఒకటి కాకపోయినా అన్నీ కలిసి బాగున్నాయి, వీటిని ఏరిన మనిషే అన్నీ ఏరాలంట. ఎవరు ఏరినారు?”

శెట్టిగారు ముప్పై ఏళ్ళ అలవాటు కొద్దీ నా భుజం మీద చెయ్యి వేశారు. “ఏరడమంటే మా కాటమరాజే. ఈయన చెయ్యి చూపకుండా ఇక్కడ రాయి కదలదు.”

దొరసాని నన్ను చూసి చెయ్యి చాపింది. నేను చేయాల్సిందల్లా ఊరుకోవడం. లోకంలో నాకు బాగా వచ్చిన పని అదొక్కటే. శ్రీశైలమ్మ ట్రాక్టరు నీడలో నిలబడి తన కాళ్ళ కేసి చూసుకుంటోంది. ఆమె కూడా నేను ఊరుకుంటాననే అనుకుంది. అనుకోవడంలో తప్పేముంది? పాతికేళ్ళు చూసింది.

నేను ఊరుకుంటే రేపు పీట మీద కూర్చునేది నేనే. కూర్చుంటే ఎడమచెయ్యి ఎటు పోతుందో నాకు తెలుసు. నెల తిరక్కుండా ఇంకో దిబ్బ, దసరాకు కాకపోతే ఉగాదికి తాళం.

“నేను కాదు” అన్నాను.

శెట్టిగారు చెయ్యి తీశారు.

“నేను పారేసినవాణ్ణి. ఏరింది ఆమె. అదిగో, మా శ్రీశైలమ్మ.”

కార్ఖానాలో నేను ఒక్కసారిగా మాట్లాడిన పెద్ద మాట అది. ఇస్సాకు ఇప్పటికీ అంటాడు, మామ ఆరోజు మాటలన్నీ ఖర్చు పెట్టేసినాడు అని. కృపాకర్ ఇంగ్లీషులో చెప్పాడు. దొరసాని తడి కాళ్ళతోనే నడుచుకుంటూ పోయి శ్రీశైలమ్మ రెండు చేతులూ పట్టుకుంది. ఏదో అడిగింది.

“ఎట్ల ఏరినావని అడుగుతున్నారమ్మా” అన్నాడు కృపాకర్.

“ఎట్ల ఏముంది నాయనా” అంది శ్రీశైలమ్మ. “ఈయన పారేసినవాటిలో ఏరినా.”

ఆ సాయంత్రమే గిద్దలూరు నుంచి ఇంజను వచ్చింది. ఇస్సాకు ముఠా దాన్ని బిగించి వదిలితే తెల్లవార్లూ నడిచి, పొద్దుటికి క్వారీలో పై మెట్టు బయటపడింది. రాగి రంగు, పచ్చ రంగు, నలుపు, అన్నీ కలిసిన రాయి.

నేను ఎప్పటిలా ఆరింటికే పోయాను. కాకపోతే ఒంటరిగా పోలేదు. శ్రీశైలమ్మ నా వెనక సద్ది మూట పట్టుకుని నడిచింది. ముక్కాలి పీటను తుండుగుడ్డతో తుడిచి, వాకిట్లో నీడ పడే చోట వేశాను. ఆమె కూర్చోవడానికి కొంచెం వెనకాడింది. సుశీలమ్మ భుజాలు పట్టుకుని కూర్చోబెట్టింది.

ఇస్సాకు మొదటి రాయి తెచ్చి ముందు పెట్టాడు. నల్లరాయి. చేతిలో ఉన్న సుత్తితో అలవాటుగా తట్టాను. ఖంగుమంది. ముప్పై ఏళ్ళలో అంత చక్కగా మోగిన రాయి పదో పన్నెండో చూసి ఉంటాను. శ్రీశైలమ్మ కేసి చూశాను. ఆమె దాన్ని కాస్త ఒంచి చూసి, ఎడమచెయ్యి చూపించింది.

నేను దాన్ని ఎత్తి, దిబ్బ ఉండిన చోటికి మోసుకుపోయి పెట్టాను.

మళ్ళీ తోలేయమని మాత్రం శెట్టిగారికి చెప్పలేదు.